తడిబట్ట కింది మొక్కలు

గంటసేపు నానాలె. తక్కువ గాదు, ఎక్కువ గాదు. ప్రసూన రెండు గాలి మొక్కలను టబ్బుల ముంచి, పక్కకే పీట ఏసుకొని కూసున్నది. వారానికొక్కపారి నీళ్ళల్ల ముంచుడు, తీసి జాడిచ్చుడు, తలకిందులు వెట్టి నీడపట్టున ఆరనిచ్చుడు, తడి మొత్తం ఆరినంక మళ్ళ గాజు బుడ్డిల కూసుండవెట్టుడు, గంతే వాటికి చేసే సేవ. మట్టి వద్దు, ఎరువు వద్దు. వేర్లు ఉన్నా అవి దేన్నన్న పట్టుకునేటందుకే గని తాగేటందుకు గాదు. మొదట్ల మామ రాజనర్సు వాటిని అటు తిప్పి ఇటు తిప్పి సూసి, ఏం తిని బతుకుతయిరా ఇవి అని అడిగితె, గాలి తిని బతుకుతయి బాపూ అన్నడు ఆమె పెనిమిటి రమాకాంత్. అయితె మగ్గం నేసే మన సాలోల్ల తీరే అన్నమాట అని మామ నవ్విండు. ఆ నవ్వు ఇప్పుడు యాదికొచ్చి ప్రసూనకు ఒళ్ళు మండింది. నవ్విన మనిషే ఇట్ల జేస్తడా అనుకున్నది.

ఈ గంట గడువకుంటె మంచిగుండు. గడిస్తె లెవ్వాలె, లేస్తె అర్ర దాటి అరుగు మీద కూసున్న మామ దగ్గరికి పోవాలె, పోయి చెప్పాలె. మామా, నీ తడిబట్టతోనే మొక్కలన్ని సచ్చినయి. పొద్దటి నుంచి ఆ మాట నోట్లెనే తిరుగుతున్నది. చాయ్ తాగినా పోలే, అన్నం బుక్క మింగినా పోలే. చెప్పకుంటె ఎట్ల? రేపు పొద్దుగాల సుట్టాలొస్తరు. రేపటితోని రమాకాంత్ పోయి ఏడాది. ఏడాది దినం నాడు తినవొచ్చినోల్ల చేతుల ఏదన్న ఒకటి వెట్టి పంపుడు ఇక్కడి రివాజు. అందరు ఇచ్చేటిది స్టీలు గిలాసో, డబ్బో, దాని మీద పోయినోని పేరు చెక్కిచ్చి. ఇండ్లల్ల అటకల మీద ఎంతమంది సచ్చినోల్ల పేర్లు బోర్ల పడి ఉంటయో. మామ ఒప్పలే. నా కొడుకు చేతితోని చేసిన బుడ్లుండంగ స్టీలు గిలాస ఎందుకే, మొక్కతోని ఒక్కొక్క బుడ్డి ఇద్దాం, వాడు ఒక్కొక్కలింట్ల వేలాడుతడు అన్నడు. ఏడాది మొత్తంల మామ గట్టిగ అడిగింది గదొక్కటే. ప్రసూన గూడ సరేనన్నది, మనసుల మంచిగనే అనిపించింది.

నిన్న పొద్దుగూకి తల్లిగారూరు మిరుదొడ్డి నుంచి వచ్చింది. అవ్వకు పానం బాగలేదంటె పోయి కొన్ని దినాలుండి వచ్చింది. పొయ్యేటప్పుడు మామకు చెప్పే పోయింది. నీళ్ళు వొయ్యకు, ముట్టుకోకు, గాలికి వాటి పాటికి వాటిని ఉండనియ్యి అని. సరే సరే అని తలకాయ ఊపిండు. ఆయన తలకాయ ఊపుడు నమ్మినోల్లది బుద్ధితక్కువ. వచ్చి సూస్తె అరుగు మీద బుడ్లన్ని వరుసగ వేలాడుతున్నయి, తుడిచి అద్దంలెక్క పెట్టిండు, మొక్కలు పచ్చగనే కనవడ్తున్నయి. బాగనే సూసుకున్నడు ముసలోడు అని సంబురపడ్డది. ఇయ్యాల పొద్దుగాల నానేద్దామని ఒకదాన్ని పట్టుకొని లేపితె ఆకులు చేతికొచ్చినయి, మొక్క బుడ్డిలనే ఉన్నది. అడుగున నల్లగ, మెత్తగ, కుళ్ళిన ఉల్లిగడ్డ వాసన. ఇంకోటి సూసింది, గట్లనే. ఇంకోటి. పైకి పచ్చగ నవ్వుడు, నడుమ పట్టుకొని గుంజితె గుత్తికి గుత్తి ఊడివచ్చుడు. అన్నిట్ల రెండే గట్టిగ కనవడ్డయి, అవే టబ్బుల ఉన్నయి. అవి గట్టియేనా గట్టియి కాదా అని గూడ ఆమె గుంజి సూడలే. గుంజేటందుకు ధైర్యం రాలే.

తడిబట్ట సంగతి వెనుక నీళ్ళ గోలెం కాడ తెలిసింది. నూలు కండెలు కప్పే పాత ధోతి ముక్క, సగం ఆరింది, మొక్కల పొట్టు దానికి అంటి ఉన్నది. సూడంగనే అంత అర్థమయింది. మామ పుట్టిందే గుంట మగ్గంల. నూలుకు తడి పానం. ఎండకాలం గాలి పొడిగ అయితదంటె చాలు, మగ్గం గుంటల నీళ్ళు సల్లాలె, కండెల మీద తడిబట్ట కప్పాలె, లేకుంటె పోగు పుటుక్కున తెగుతది. నలభై ఏండ్లు గట్ల కప్పిన చేతులవి. ఎండకు ఆకుల కొసలు జరంత ఎండంగనే ఆ చేతులు ఊకుంటయా? రేపు మందికి ఇచ్చేటియి వాడిపోయి ఉంటె ఏం బాగుంటది అనుకొని ఉంటడు. అన్నిటిని ఒక్క కాడ పండవెట్టి, తడిబట్ట కప్పి, పొద్దుగాల లేసి మళ్ళ బుడ్లల్ల పెట్టిండు. కండ్లల్ల పెట్టుకొని సూసుకున్నడు. ఊపిరాడకుంట సూసుకున్నడు. ఎవలన్న ఆకలికి సస్తరు, ఎవలన్న రోగానికి సస్తరు, ఇవి ముద్దుకు సచ్చినయి. సేవ జేసి సంపుడంటె గిదే గావచ్చు అని పండ్లు కొరికింది ప్రసూన, అటెన్క నీళ్ళల్ల ఏలు పెట్టి మొక్కను కొంచెం లోపలికి ఒత్తింది.

నీళ్ళు సల్లగున్నయి. నల్లా నీళ్ళు, నిన్న పట్టి నిలవెట్టినయి. బోరు నీళ్ళు పడయి, ఆకుల మీద ఉప్పు పడ్తది. ఇవన్ని రమాకాంత్ చెప్పినయే. ఆయనకు ఎవలు చెప్పిన్రో. ఆ మనిషి దేన్నన్న పట్టిండంటె ఇడువడు. మగ్గం పట్టలే గని. మగ్గం వద్దని భివండి పోయిండు, ఆడ పవర్‌లూమ్‌ల చేరిండు, అదీ మగ్గమే గదా, చప్పుడు ఎక్కువ గంతే. వాళ్ళు కిరాయికుండే ఖోలీ పక్కకు ఒక మరాఠీ ఆయన దుకాణాల రంగు లైట్ల బోర్డులకు గాజు గొట్టాలు మంట మీద వంపేటోడట. డ్యూటీ దిగినంక పోయి సూసుకుంట కూసునేటోడు. సూసి సూసి నేర్చిండు. పెండ్లయినంక సిద్దిపేటకు వచ్చి మగ్గం గుంట పూడిపిచ్చి ఆ జాగల్నే గాజు వంచే మంట పెట్టిండు. మామ ఆ పొద్దు అన్నం తినలే. గని మూడో దినం ఆయనే వచ్చి, గాజును ఎంత ఎర్రగ కాలిస్తె వంగుతదిరా అని అడిగిండట. బట్టల దుకాణాల పేర్లు, మిఠాయి దుకాణాల పేర్లు, అన్ని రమాకాంత్ వంచినయే, పొద్దుగూకితె బజార్ల నడుసుకుంట ఇది నాది, గది నాది అని చూపెట్టేటోడు, ఆమె ఐస్‌క్రీం తినుకుంట ఊఁ ఊఁ అనేది. అటెన్క సన్నసన్న బల్బుల బోర్డులు వచ్చినయి, అగ్గువవి, వంచే పని లేదు. ఒక్కొక్క దుకాణం నుంచి ఆయన గొట్టాలు దిగినయి. చేతిల పని ఉండి చేపిచ్చుకునేటోడు లేకుంటె మొగోని మొఖం ఎట్లుంటదో ఆమె అప్పుడు సూసింది.

గట్ల ఖాళీగ ఉన్నప్పుడు చేసినయే ఈ బుడ్లు. మిగిలిన గొట్టాన్ని ఎర్రగ కాల్చి, ఊది, తిప్పి, పక్కకు పెద్ద నోరు పెట్టి, ఎనుకకు ఒక చిన్న బెజ్జం. బెజ్జం ఎందుకయ్యా అంటె, గాలి ఒచ్చే తొవ్వ ఉంటె సాలదు, పొయ్యే తొవ్వ గూడ ఉండాలె అన్నడు. ఒక్కటన్న ఇంకోదాని తీరు ఉండది. ఒకటి గుండ్రంగ, ఒకటి బెండకాయంత పొడుగు, ఒకటి మూతి వంకర. వేడివేడియి బూడిదల పూడ్చి సల్లారనిచ్చేటోడు, తొందరపడితె టక్కున పగుల్తయి. మామ పాత మగ్గం కట్టెను అరుగు మీద అడ్డం కట్టి, పట్టు పోగులు పేని తాళ్ళు చేసి ఇచ్చిండు. ఏది ఎంత ఎత్తున ఉండాలె, ఏది దేని పక్కకు ఉండాలె అని తండ్రి కొడుకులు పొద్దంత కొట్లాడేటోల్లు. పొద్దటి ఎండ తాకాలె, పగటి ఎండ తాకొద్దు. మీదిదాని నీడ కిందిదాని మీద పడొద్దు. ఆదివారం కోమటి చెరువు కట్ట కాడ పెట్టి అమ్మితె, జనం ఆగి సూసేది బుడ్డినే, అడిగేది మొక్కనే. మట్టి లేకుంట ఎట్ల బతుకుతది అన్నా? అడిగినోల్లందరికి మొదటిసారి చెప్పినట్టే చెప్పేటోడు. ఎక్కువ ప్రేమ జేయొద్దమ్మా, నీళ్ళు కొంచెమే, మిగిలింది అదే సూసుకుంటది. ఆ మాట ఆయన నోటి నుంచి ఎన్నిమార్లు ఇన్నదో. అదే మాట దవాఖానల డాక్టరమ్మ ఆయనకే చెప్పినప్పుడు ఇద్దరు ఒకలి మొఖం ఒకలు సూసుకొని నవ్విన్రు. అప్పటికింకా నవ్వొచ్చింది.

కిడ్నీలు ఖరాబయినయి. వారానికి మూడుమార్లు దవాఖానల రక్తం కడిగే మిషన్ మీద పండుడు. నీళ్ళు కొంచెమే. పొద్దుమొత్తానికి చిన్న గిలాసెడు, చాయ్ గూడ అండ్లనే లెక్క, చారు గూడ అండ్లనే, పుచ్చకాయ ముక్క గూడ అండ్లనే. తాగిన నీళ్ళు బయటికి పొయ్యే తొవ్వ లేదమ్మా, లోపలనే నిలుస్తయి, ఊపిరితిత్తులల్లకు ఎక్కుతయి అని చెప్పిన్రు. ఆమె విన్నది. చెప్పంగ వినే మనిషి ప్రసూన. గిలాస ఆమె చేతిలనే ఉండేది. సిద్దిపేట ఎండ, మీద రేకులు, మనిషి దూప దూప అని గోడకు చెంప ఆనిచ్చి కూసునుడు. తడిబట్ట పెదవులకు అద్దేది. మంచుముక్క నాలిక మీద పెట్టేది. ఒక్క గుక్కనే అని అడిగేటోడు. మొదట్ల నవ్వుకుంట అడిగిండు, అటెన్క గుస్సతోని అడిగిండు, అటెన్క చిన్న పిల్లగాని తీరు అడిగిండు, ఆఖరుకు అడుగుడు బంద్ చేసి ఆమె చేతిల గిలాస దిక్కు సూసేటోడు. గది మాత్రం ఆమెతోని కాకపోయేది. ఆయన ముంగట ఆమె గూడ నీళ్ళు తాగుడు మానింది. పెరట్ల నీళ్ళు కాగవెట్టే బాయిలర్ కాడికి పోయి, తలుపు ఎనుకకు పోయి, దొంగ లెక్క తాగేది.

ఆఖరి దినం, నడి పగటీలి అయింది. ఆయాసం ఎక్కువైంది, మిషన్ మీదికి పొయ్యే దినం గాదు, అయినా పోదాం లే అన్నది. మామను పక్కకు కూసుండవెట్టి ఆటో కోసం సందు మూలకు ఉరికింది. ఎండకు ఒక్క ఆటో లేదు. వచ్చేవరకు ఆలిశమయింది. వచ్చి సూస్తె రమాకాంత్ కండ్లు మూసుకొని మామ భుజం మీద తలకాయ పెట్టుకొని ఉన్నడు, మొఖం నిమ్మళంగున్నది. జర తక్కువైనట్టున్నది అనుకున్నది. ఆటోల మాత్రం ఊపిరి గురగురమన్నది. దవాఖానల వాకిట్లనే మామ చెప్పులు ఇడిచి కూసుండిపోయిండు, ఆమె ఒక్కతే లోపలికి ఉరికింది. లోపల డాక్టరమ్మ రెండుమార్లు అడిగింది. నీళ్ళు ఎక్కువ తాగిండా? ఊపిరితిత్తులు నిండినయి, ఎవలన్న నీళ్ళిచ్చిన్రా? ప్రసూనకు కోపమొచ్చింది. గిలాస నా చేతులనే ఉంటది మేడం, ఒక్క చుక్క ఎక్కువ ఇయ్యలే, దేవుని మీద ఒట్టు అన్నది. పొద్దుగూకక ముందే అయిపోయింది.

ఇంటికి తెచ్చినంక అందరు నోట్లె నీళ్ళు పోసిన్రు. తులసాకుతోని ఒకలెనుక ఒకలు, వాడకట్టు మొత్తం. నోటి పక్కపొంట కారి మెడ కిందికి పోతున్నయి, ఎవలు ఆపుతలేరు, ఎవలు కొలుస్తలేరు. ఆమె వంతు వచ్చినప్పుడు చెయ్యి లేవలే. బతికున్నప్పుడు పొయ్యని నీళ్ళు ఇప్పుడెందుకు పోస్తున్నవే అని లోపలినుంచి ఎవలో అడిగినట్టయింది. దూపతోని పంపిన. ఏడాది సంది ఆమె లోపల ఉన్న మాట గదొక్కటే. డాక్టరమ్మ చెప్పినట్టే చేసినవ్ గదా అని అవ్వ అంటది, నువ్వు సేసినంత సేవ ఎవలు సెయ్యరు అని మామ అంటడు. నిజమే. చెప్పినట్టే చేసింది. అయినా పొద్దుగాల మొదటి గుక్క నీళ్ళు తాగేటప్పుడు గొంతుల అడ్డం పడ్తది. పక్కింటి స్వరాజ్యలక్ష్మి టీచరుంటది, ఆమె నోట్లె నువ్వుగింజ నానది, వచ్చినప్పుడల్ల బుడ్ల దిక్కు సూసి, ఆయన ఊపిరి గండ్లనే ఉన్నది ప్రసూనా, ఊది చేసినయి గదా అంటది. మంచికే అంటది పాపం. ఏం ఊపిరి? నోరు తెరిచిన బుడ్డిల ఊపిరి ఎట్ల నిలుస్తది? ఎనుకకు బెజ్జం గూడ పెట్టిండాయె. ఊపిరి ఎటుపోయిందో ఆమెకు బాధ లేదు. ఆ నాలిక ఎండిపోయి ఉండె, గది బాధ.

గంట అయినట్టుంది. అరుగు మీది ఎండ గడపకాడికి వచ్చింది. లెవ్వాలె. నీ తడిబట్టతోనే మామా, అని చెప్పాలె, చెప్పినప్పుడు గట్టిగనే చెప్పాలె, ఒక్కసారన్న ఈ మనిషికి తెలువాలె, వద్దన్నది వద్దని ఎందుకంటరో. అనుకుంటనే ఉన్నది, గోడ పట్టుకుంట మామనే వచ్చిండు. వచ్చి టబ్బుకు అవుతల గొంతుకూసున్నడు. నానినయా అని అడిగిండు, జవాబు కోసం సూడకుంటనే నీళ్ళల్ల చెయ్యి పెట్టి ఒకదాన్ని తీసిండు. ఆయన ముట్టుకునుడు మెల్లగనే ముట్టుకుంటడు, నలభై ఏండ్లు పోగు తెగకుంట పట్టిన చెయ్యి. అయినా నడిమాకు ఊడి ఏలుకు అంటింది. ఇంకోటి ఊడింది. చెయ్యి తెరిచేవరకు మొక్క లేదు, ఆకుల కుప్ప ఉన్నది, నడుమ నల్లగ.

"నేనే తడి వెట్టిన పిల్లా. నువ్వు వద్దన్నవ్. కొసలు ఎండుతుంటె పానం ఒప్పలే."

తెలుసు మామా, అన్నది. కోపం గొంతుదాక వచ్చింది, ఇంక ఒక్క మాటయితె బయట పడుతుండె.

"నువ్వు గట్టిదానివే. దూపతోని ఉన్నదాన్ని సూసుకుంట కూసునుడు నాతోని గాదు. ఆ పొద్దు గూడ గంతే. నువ్వు ఆటోకు పోయినవ్ సూడు, బాపూ దూపయితుంది అన్నడు. కుండల నీళ్ళు తాపిన."

ఆకలైతె అన్నం పెట్టిన అన్నంత నిమ్మళంగ అన్నడు. భయం లేదు, దాసుకునుడు లేదు, ఏడాది సంది చెప్పకపోవుడు గూడ దాసి గాదు, చెప్పే ముచ్చటే అనుకోలేదు ఆయన. ప్రసూన చేతులు టబ్బు అంచు మీద ఆగిపోయినయి. ఎవలన్న నీళ్ళిచ్చిన్రా. దేవుని మీద ఒట్టు మేడం. ఆటోల గురగుర. అంటె, అంటె, ఆటో జల్ది దొరికి ఉంటె, నీళ్ళియ్యకు అని మామకు ఇంకొక్కపారి చెప్పి ఉంటె, తలకాయ ఊపుడు నమ్మకుంట ఉంటె. ఒక్క మాట చాలు ఇప్పుడు. మొక్కల మాట గాదు. ఆ మాట అంటె ఈ ముసలి మనిషి ఈ టబ్బు కాడ్నే ఒరుగుతడు, రేపటి ఏడాదికి పోయినోల్లు ఇద్దరయితరు. నాలిక మీదికి వచ్చింది. వచ్చి ఆగింది. దాని కింద ఇంకోటి ఉన్నది, సిగ్గులేనిది, దానికి ఏం పేరు పెట్టాల్నో ఆమెకు తెల్వది, గది ముందుకు తోసుకొని వచ్చింది.

"కడుపు నిండ తాగిండా మామా?"

"నిండ తాగిండు బిడ్డా. ముంత ఎత్తుకొని తాగిండు, కింద వెట్టలే. అంగి మీద గూడ కారినయి. సల్లగయింది బాపూ అన్నడు."

సల్లగయింది అన్నడా. కోపం ఉన్న జాగ ఖాళీగ ఉన్నది, కోపం యాడికి పోయిందో దొరుకుతలేదు. ఆయనను సంపిన నీళ్ళు. ఆయన కడుపు సల్లవడ్డ నీళ్ళు. రెండు ఒక్క ముంతలనే ఉన్నయి, ఏది వంపాలె, ఏది ఉంచుకోవాలె? మంచి పని జేసినవ్ మామా, అన్నది. అటెన్క ఏడుపొచ్చింది. పీనుగ ముంగట రాని ఏడుపు, పదకొండో దినం నాడు మంది సూస్తున్నరని తెచ్చుకుందామన్నా రాని ఏడుపు, మోకాళ్ళల్ల మొఖం పెట్టుకొని, పెద్దగ, వాడకట్టు ఇంటదన్న సోయి లేకుంట ఏడ్చింది.

రాజనర్సు చేతిల ఆకుల కుప్ప ఎక్కడ పెట్టాల్నో తెల్వక ధోతి కొంగుల ఏసుకున్నడు, తడి చెయ్యి తుడుసుకొని కోడలు నెత్తి మీద పెట్టిండు.

"ఊకో పిల్లా, ఊకో. మొక్కలే గదనే, పోతె పోనీ. ఉత్త బుడ్లే ఇద్దాం రేపు."